మ్యూరిట్స్ సరస్సుల దారుల్లో సైకిల్ మీద నాన్నా, నేనూ

బెర్లిన్‌లో ఉండే మనవాళ్ళకి సెలవు దొరికితే ప్రాగ్, లేదంటే స్విట్జర్లాండ్. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా అదే లిస్టు. మా నాన్న వచ్చినప్పుడు మేమూ అలాగే మొదలుపెట్టాం. బ్రాండెన్‌బర్గ్ గేటు, పార్లమెంటు గుమ్మటం, ప్రాగ్‌లో గడియారం అన్నీ అయిపోయాక ఆయనకి ఏమీ తోచేది కాదు. కైకలూరు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బడికి సైకిల్ మీదే వెళ్ళారు. మా బాల్కనీలో నుంచుని కింద వెళ్ళే సైకిళ్ళని చూస్తూ, "ఇంత రోడ్డు సైకిళ్ళకే వదిలేశారేంట్రా" అన్నారు ఒకసారి. అసలు కార్లే రాని దారులు కూడా ఉన్నాయి నాన్నా, రైలెక్కితే గంటలో ఆ దారి మీద ఉంటాం అన్నాను. "అయితే ఇంకేం, పద" అన్నారు. సెప్టెంబరు మొదట్లో బడులు తెరిచి జనం పలచబడ్డాక బయల్దేరాం.

నేను చెప్తున్నది బెర్లిన్‌కి ఉత్తరాన, బాల్టిక్ సముద్రానికి వెళ్ళే దారిలో ఉన్న మెక్లెన్‌బర్గ్ సరస్సుల ప్రాంతం గురించి. అక్కడ ఊరికో సరస్సు కాదు, సరస్సుల మధ్య ఎక్కడో ఒక ఊరు. వాటిలో పెద్దది మ్యూరిట్స్, 117 చదరపు కిలోమీటర్లు. బోడెన్‌సీ అంతకన్నా పెద్దదే కానీ దాన్ని స్విట్జర్లాండ్, ఆస్ట్రియా కూడా పంచుకుంటాయి. పూర్తిగా జర్మనీలోనే ఉన్నవాటిలో మ్యూరిట్సే మొదటిది. దాని తూర్పు ఒడ్డు నుంచి 322 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కు, అందులో మళ్ళీ వందకు పైగా సరస్సులు. బెర్లిన్ నుంచి కోపెన్‌హేగన్ దాకా వెళ్ళే సైకిల్ మార్గం ఈ అడవి గుండానే పోతుంది. మొత్తం 650 కిలోమీటర్లు పైనే ఉంటుంది, మధ్యలో రోస్టాక్ దగ్గర ఓడెక్కి డెన్మార్క్‌లో దిగాలి. మేం అందులో ఒక ముక్క, ఫ్యుర్‌స్టెన్‌బర్గ్ నుంచి వారెన్ దాకా తొక్కి, ఆ తర్వాత మ్యూరిట్స్ తూర్పు ఒడ్డు చూద్దామనుకున్నాం.

'కార్లు లేని దారి' అని బ్రోషర్లలో రాస్తారు కానీ అందులో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి. సైకిళ్ళకే విడిగా వేసిన తారుదారి ఒకటి. ఇది అడవిలోంచి వెళ్తుంది, లేదా పెద్ద రోడ్డుకి ఒక చెట్ల వరస ఇవతలగా వెళ్తుంది. రెండోది అటవీ దారి. మొదట్లో ఎర్ర అంచున్న గుండ్రటి తెల్ల బోర్డు ఉంటుంది, దాని కింద వ్యవసాయ, అటవీ పనుల బళ్ళకి మినహాయింపు అని చిన్న పలక. అంటే ఎప్పుడైనా ఒక ట్రాక్టరో, దుంగల లారీయో ఎదురు రావచ్చు. మూడోది పల్లెల మధ్య సన్నటి రోడ్డు. కార్లకి నిషేధమేమీ లేదు, వాటికి అటు వచ్చే పనే ఉండదు, అంతే. మ్యాపులో ఈ మూడూ ఒకే గీతగా కనిపిస్తాయి.

నా మటుకు నాకు ఈ మూడింటి తేడా కన్నా చక్రం కింద ఏముందన్నదే ముఖ్యం. ఈ ప్రాంతంలో 40 కిలోమీటర్లు అంటే ఏమీ చెప్పినట్టు కాదు. నున్నటి తారు మీద 40 అయితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోతాం. ఇసుకా, గుండ్రాళ్ళూ కలిసిన 40 అయితే రాత్రికి చేరినా అదృష్టమే. అందుకే రూటు వేసేటప్పుడు కోమూట్ యాప్‌లో దూరం కింద వచ్చే పట్టీ చూస్తాను. ఎంత తారు, ఎంత కంకర, ఎంత రాళ్ళ పేవింగ్, ఎంత మట్టి అని విడదీసి చూపిస్తుంది. ఆ పట్టీలో మట్టి వాటా పెరిగినకొద్దీ ఆ రోజు దూరాన్ని తగ్గించుకుంటూ పోయాను. అరవై ఏడేళ్ళ మనిషిని వెంటబెట్టుకున్నాను మరి.

సైకిల్ దగ్గర మా ఇద్దరికీ చిన్న గొడవైంది. నాన్న కోసం బ్యాటరీ సైకిల్ అద్దెకి తీసుకుంటానన్నాను. "మోటారున్నది సైకిలెలా అవుతుందిరా" అని ఆయన. పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేస్తుందనీ, గంటకి 25 కిలోమీటర్లు దాటితే అదీ ఆగిపోతుందనీ, 250 వాట్ల లోపే కాబట్టి లైసెన్సూ నంబరు ప్లేటూ అక్కర్లేదనీ చెప్పాను. వినలేదు. షాపు ముందు ఒక చుట్టు తిరిగొచ్చాక మాత్రం "సరే, నీ తృప్తి కోసం" అన్నారు. ఆ మొహం చూస్తే తృప్తి ఎవరిదో తెలుస్తూనే ఉంది. నాది మామూలు గేర్ల సైకిలే. టైర్లు కాస్త వెడల్పువి, ఈ దారులకి సన్న టైర్లు పనికిరావు. క్యారియర్‌కి రెండు పక్కలా తగిలించే వాటర్‌ప్రూఫ్ బ్యాగుల్లో బట్టలు, నాన్న షుగరు మాత్రలు, పంచర్ సామాను, ఒక డబ్బాలో పులిహోర. పేలలా పట్టుకునే టిక్ పురుగుల్ని లాగేయడానికి మందుల షాపులో అమ్మే ప్లాస్టిక్ కార్డు కూడా పెట్టుకున్నాను. అవి గడ్డిలోంచి ఎక్కుతాయి, లైమ్ జబ్బు తెస్తాయి. రోజూ సాయంత్రం మోకాళ్ళ వెనకా, నడుం దగ్గరా చూసుకోవాలి. నాన్నకి ఈ పని మహా చిరాకు.

రైలు ఆర్‌ఈ5. బెర్లిన్ నుంచి రోస్టాక్ వైపు వెళ్ళే ఈ ప్రాంతీయ రైలు ఫ్యుర్‌స్టెన్‌బర్గ్, నోయ్‌స్ట్రెలిట్స్, క్రాట్సెబుర్గ్, వారెన్ అన్నింటిలోనూ ఆగుతుంది. ఎక్కడ ఓపిక అయిపోతే అక్కడ రైలెక్కి ఇంటికి వచ్చేయొచ్చు అన్న ధైర్యం ఇందువల్లే. దేశమంతా ప్రాంతీయ రైళ్ళలో చెల్లే నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్ మనిషికే వర్తిస్తుంది, సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి. సైకిల్ బొమ్మ వేసిన పెట్టె దగ్గరే ఎక్కాలి. రిజర్వేషన్ ఉండదు, చోటు లేదంటే తర్వాతి రైలే. అందుకే శనివారం వద్దనుకుని వారం మధ్యలో వెళ్ళాం. అయినా టెన్షన్ తప్పలేదు, మేం రైలెక్కాల్సిన స్టేషన్లో లిఫ్టు పనిచేయడం లేదు. బ్యాటరీ సైకిల్ పాతిక కిలోలుంటుంది. ముందు బ్యాగులు తీసి, తర్వాత బ్యాటరీ తీసి నాన్న చేతికిచ్చి, ఖాళీ సైకిల్‌ని మెట్లు ఎక్కించాను. ఈ వరస గుర్తుపెట్టుకోండి, నడుం మిగులుతుంది.

ఫ్యుర్‌స్టెన్‌బర్గ్ చుట్టూ మూడు సరస్సులు. అందులో ష్వెట్ సరస్సు అవతలి ఒడ్డున రావెన్స్‌బ్రూక్ ఉంది. 1939 నుంచి 1945 దాకా నాజీలు నడిపిన మహిళల నిర్బంధ శిబిరం. దాదాపు 1,20,000 మంది స్త్రీలూ పిల్లలూ ఖైదీలుగా నమోదయ్యారు. చంపేసినవాళ్ళ బూడిదని ఆ సరస్సులోనే కలిపారు. నీళ్ళ ఒడ్డున ఎత్తైన దిమ్మ మీద ఒక స్త్రీ ఇంకో స్త్రీని చేతుల్లో మోస్తున్న కంచు విగ్రహం ఉంది. సైకిల్ ట్రిప్పులో ఇది ఎందుకు అని నేను వెనకాడాను. ఇంత దగ్గరికొచ్చి చూడకుండా పోవడం బాగుండదని నాన్నే అన్నారు. పొద్దున పూట అంతా అక్కడే గడిచింది. అక్కడి నుంచి బయల్దేరాక చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత అడవి. బ్రాండెన్‌బర్గ్ వైపు తారుదారి నిజంగా బాగుంటుంది. రెండు మీటర్లకి పైగా వెడల్పు, ఇద్దరం పక్కపక్కనే మాట్లాడుకుంటూ వెళ్ళొచ్చు. రెండు పక్కలా పైన్ చెట్లు, అక్కడక్కడా చెట్ల సందుల్లోంచి నీళ్ళ మెరుపు. ఒకటే ఇబ్బంది, వేర్లు. చెట్ల వేర్లు కింద నుంచి తారుని పైకి తన్ని గట్లు చేస్తాయి. కొన్నిచోట్ల తెల్ల రంగు పూసి ఉంటారు, కొన్నిచోట్ల ఉండదు. ఎండా నీడా పడిన దారిలో అవి కళ్ళకి ఆనవు, చక్రానికి మాత్రం తెలుస్తాయి.

దారిలో ఒక లాకు దగ్గర నాన్న దిగిపోయారు. గోదావరి కాలవల లాకులు చూస్తూ పెరిగిన మనిషి. తలుపులు మూసుకోవడం, లోపల నీళ్ళు దిగడం, విహారపడవలు కిందికి జారడం, అవతలి తలుపులు తెరుచుకోవడం మొత్తం చూసి, "మన లాకుల్లో ఇప్పుడు నీళ్ళే పోతాయి, పడవలు లేవు. వీళ్ళింకా వాడుతున్నారు" అన్నారు. ఇంకో పడవ వస్తోందని మళ్ళీ ఆగారు. తొందరపెట్టలేదు. ఈ ప్రయాణంలో గంటకి ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క నేను ఆ లాకు దగ్గరే వదిలేశాను.

మెక్లెన్‌బర్గ్‌లోకి అడుగుపెట్టాక కింద నేల మారడం మొదలైంది. వేజెన్‌బర్గ్ దాటి నేషనల్ పార్కులోకి వెళ్ళేకొద్దీ తారు పోయి కంకర, కంకర పోయి ఇసుక. సన్నటి, తెల్లటి ఇసుక. పైకి గట్టి దారిలాగే కనిపిస్తుంది. ముందు చక్రం అందులోకి దిగగానే హ్యాండిల్ దానంతటదే పక్కకి తిరిగిపోతుంది. బ్రేకు వేస్తే పడతాం. చిన్న గేరులో పెట్టి, హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకుండా, ఆపకుండా తొక్కుకుంటూ పోవాలి. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే ఇంకా మేలు. బరువైన బ్యాటరీ సైకిల్‌తో నాన్నకి ఇక్కడ కష్టమవుతుందనుకున్నాను. ఆయన మాత్రం మోటారు సాయం పెంచుకుని దర్జాగా దాటేసి, అవతల స్టాండు వేసుకుని నా కోసం ఎదురుచూశారు. నేను దిగి నెట్టుకుంటూ వచ్చాను.

ఈ ఇసుక ఎక్కడిదో పార్కులో పెట్టిన బోర్డులు చదివితే తెలుస్తుంది. 15 వేల ఏళ్ళకి పైగా వెనక, స్కాండినేవియా నుంచి జారుతూ వచ్చిన మంచు ఈ ప్రాంతం దాకా వచ్చి ఆగింది. కరుగుతున్నప్పుడు పారిన నీళ్ళు ఇసుకని మోసుకొచ్చి పళ్ళెంలా పరిచాయి. ఆ ఇసుకలో పెద్ద పెద్ద మంచు గడ్డలు పూడిపోయి ఉండేవి. తర్వాత అవి నెమ్మదిగా కరిగి, మీద నేల కుంగి, గుంటలై నీళ్ళు నిండాయి. అవే ఈ సరస్సుల్లో చాలావరకు. అంటే మనం చూడ్డానికి వచ్చిన సరస్సునీ, మనల్ని సైకిల్ దింపే ఇసుకనీ తెచ్చిపెట్టింది ఒకటే మంచు. ఇక్కడ ఇసుక లేని సరస్సు దారి కావాలంటే ఎవరూ ఇవ్వలేరు. పల్లెల్లోని గుండ్రాళ్ళ వీధులు కూడా ఆ మంచు మోసుకొచ్చిన రాళ్ళతోనే వేశారు. చర్చిల గోడలూ ఆ రాళ్ళే. ఆ వీధుల మీద తొక్కితే పళ్ళు కొట్టుకుంటాయి. స్థానికులు రాళ్ళ మీద పోరు, పక్కన అంచున ఉండే సన్నటి మట్టి పట్టీ మీద పోతారు. వాళ్ళ వెనకే మేమూ.

ఇంకోటి కూడా ఉంది, తూర్పు జర్మనీ కాలంలో పరిచిన కాంక్రీటు పలకలు. రెండు వరసలు, మధ్యలో గడ్డి. పలకకీ పలకకీ మధ్య సందు దాటినప్పుడల్లా టక్ టక్ మని చప్పుడు. కొంతమంది వాటిని తిట్టుకుంటారు. నాకైతే ఇసుక కన్నా అవే నయం.

బ్లాంకెన్‌ఫ్యోర్డె దగ్గర నా వెనక టైరు దిగిపోయింది. దారి పక్కనే సరస్సు. నేను ఫోన్ తీసి సైకిల్ షాపు ఎంత దూరమో చూస్తుంటే, నాన్న అప్పటికే సైకిల్‌ని తలకిందులు చేసేశారు. చక్రం ఊడదీసి, టైరు ఒక పక్క తప్పించి, ట్యూబు బయటికి లాగారు. వాల్వు చూసి "ఇది మన ఊళ్ళో వాల్వే కదరా" అన్నారు. నిజమే, జర్మనీలో మామూలు సైకిళ్ళకి ఇంకా ఆ పాత రకమే వస్తుంది. పంపుతో ట్యూబుకి గాలి కొట్టి, సరస్సు అంచున గొంతుకూచుని కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచుతూ తిప్పారు. ఒకచోట సన్నగా బుడగల వరస. అక్కడ బొటనవేలు అదిమిపెట్టి, "పెన్నివ్వు" అన్నారు. గుర్తు పెట్టి, చొక్కా అంచుతో తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్దారు. సొల్యూషన్ రాశాక వెంటనే అతికించనివ్వలేదు. "మెరుపు పోవాలి. తడిగా ఉండగా పెడితే పట్టదు." ఆ తర్వాత ప్యాచ్ వేసి, పులిహోర స్పూను వెనకభాగంతో నొక్కి నొక్కి రుద్దారు. నేను ట్యూబు లోపల పెట్టబోతుంటే చెయ్యి పట్టి ఆపారు. టైరు లోపల చుట్టూ వేలితో తడిమి, చివరికి గోరంత నల్లటి రాతి పెంకు బయటికి లాగారు. చెకుముకి రాయి. అదీ ఆ మంచు తెచ్చిందే. "ఇది తియ్యకుండా ఎన్ని ప్యాచులేసినా పది నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది." అటుగా పోతున్న జర్మన్ దంపతులు ఆగి, ఏమైనా సాయం కావాలా అని అడిగారు. అప్పటికే నాన్న చేతులు కడుక్కుంటున్నారు. ఆ టైరు తర్వాత దిగలేదు.

గ్రాంజిన్ దగ్గర ఇంకో వింత చూశాం. అక్కడ పాగెల్ సరస్సుకీ గ్రాంజిన్ సరస్సుకీ మధ్య పడవ వెళ్ళే నీటిదారి లేదు. అందుకని అడవిలో చిన్న రైలు పట్టాలు వేశారు. చిన్న పడవల్లో వచ్చినవాళ్ళు పడవని ట్రాలీ మీదకి ఎక్కించి, తామే నెట్టుకుంటూ అవతలి సరస్సులో దింపుకుంటారు. ఒక కుటుంబం పడవ, కుక్క, ఇద్దరు పిల్లలతో సహా నెట్టుకుంటూ వచ్చింది. నాన్న కూడా ఒక చెయ్యి వేశారు. సైకిలున్నవాడికి ఆ పని లేదు కదా అంటే వినలేదు.

ఆ పడవలు వెళ్ళేది హాఫెల్ నది మొదటి సరస్సుల మీదుగానే. ఈ నది అంకెర్స్‌హాగెన్ దగ్గర పుట్టి, బెర్లిన్ వైపు దిగి, స్పాండౌలో స్ప్రే నదిని కలుపుకుని, పడమరకి తిరిగి ఎల్బే నదిలో కలుస్తుంది. పొడవు 334 కిలోమీటర్లు. పుట్టినచోటి నుంచి కలిసేచోటికి సూటిగా కొలిస్తే వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ఈ మొత్తం దూరంలో నీళ్ళు దిగేది 40 మీటర్లే అని చెప్పగానే నాన్నలోని లెక్కల మాస్టారు బయటికొచ్చేశారు. "కిలోమీటరుకి పన్నెండు సెంటీమీటర్లు. ఇది పారుతోందా, నుంచుందా?" ఆ వాలే లేకపోవడం వల్లే నది సరస్సుల మీద సరస్సులుగా పరుచుకుని నడుస్తుంది. సైకిల్‌కి కూడా ఇక్కడ పెద్ద ఎత్తులుండవు. కొండలంటే భయపడేవాళ్ళు ఈ ప్రాంతాన్ని నిక్షేపంగా ఎంచుకోవచ్చు.

అంకెర్స్‌హాగెన్‌లో, చెక్క గుర్రం కథలోని ట్రాయ్ నగరాన్ని తవ్విన హైన్రిష్ ష్లీమాన్ పెరిగిన ఇల్లు మ్యూజియంగా ఉంది. ఆవరణలో పెద్ద చెక్క గుర్రం. లోపలికి వెళ్ళాం, చూశాం, బాగుంది. నాకు మాత్రం ఆ ఊరి గుండ్రాళ్ళ వీధే ఎక్కువ గుర్తుంది.

ఊళ్ళ సంగతి చెప్పుకున్నప్పుడు తిండి సంగతి కూడా చెప్పాలి. ఈ పల్లెల్లో చాలావాటిలో దుకాణమే లేదు. ఆదివారమైతే పట్టణంలో కూడా సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. పొద్దున బయల్దేరిన ఊళ్ళోనే బ్రెడ్డు, పళ్ళు, నీళ్ళు కొనేసుకోవాలి. షుగరున్నవాళ్ళతో వెళ్తుంటే ఇది ఇంకా ముఖ్యం. బసకి సైకిల్ క్లబ్బు వాళ్ళ గుర్తింపున్న చోట్లు వెతుక్కున్నాను. అవి ఒక్క రాత్రికైనా గది ఇస్తాయి, సైకిల్‌ని తాళం వేసిన గదిలో పెట్టనిస్తాయి. బ్యాటరీ ఛార్జింగ్‌కి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

వారెన్ మ్యూరిట్స్ ఉత్తరపు కొసన ఉన్న పట్టణం. అక్కడ సామాను పెట్టేసి, ఖాళీ సైకిళ్ళతో తూర్పు ఒడ్డుకి వెళ్ళాం. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్క ముక్కే ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటాను. సరస్సు వెంట మ్యూరిట్స్‌హోఫ్ మీదుగా బోయెక్ దాకా సుమారు 20 కిలోమీటర్లు. వారెన్ శివారు దాటాక మోటారు చప్పుడు వినిపించదు. రెల్లు పొదలు, బిర్చ్ చెట్లు, తడినేలలు, గొర్రెలూ ఆవులూ మేసే బీళ్ళు. దారి ఎక్కువగా గట్టి కంకరే, ఇసుక తక్కువ. లోపలి వైపు నుంచి ఫెడెరో, స్పెక్ మీదుగా తిరిగి రావచ్చు. ఫెడెరో వైపు హైటెన్షన్ కరెంటు స్తంభాల మీద పెద్ద పెద్ద పుల్లల గూళ్ళు కనిపిస్తాయి. చేపలు పట్టే డేగలు కట్టుకున్నవి. అక్కడి సమాచార కేంద్రంలో గూటికి కెమెరా పెట్టి తెర మీద చూపిస్తారు. మేం వెళ్ళేసరికి పిల్లలు ఎగిరిపోయి గూళ్ళు ఖాళీ.

ఇంత అడవి రోడ్లూ ఇళ్ళూ పడకుండా ఎలా మిగిలిందంటే, దానికి కారణం ఎవరి మంచితనమూ కాదు. తూర్పు జర్మనీ ప్రధానిగా చేసిన విల్లీ ష్టోఫ్ వేటకి వచ్చే అడవి స్పెక్ చుట్టుపక్కలే. మామూలు జనాన్ని రానిచ్చేవారు కాదు. ఇంకొంత భాగంలో సోవియట్ సైన్యం కసరత్తులు చేసేది. బెర్లిన్ గోడ కూలాక, తూర్పు జర్మనీ ప్రభుత్వం తన ఆఖరి రోజుల్లో, 1990 సెప్టెంబరులో దీన్ని నేషనల్ పార్కు చేస్తూ నిర్ణయం తీసుకుంది. అక్టోబరు 1న అది అమల్లోకి వచ్చింది, 3న ఆ దేశమే లేకుండా పోయింది. "పోతూ పోతూ ఒక మంచిపని చేశారన్నమాట" అన్నారు నాన్న.

సెప్టెంబరులో వెళ్ళడానికి ఇంకో కారణం కొంగలు. క్రేన్లు అంటే ఇక్కడ బూడిద రంగు పెద్ద కొంగలు. దక్షిణానికి వెళ్ళేముందు రెడెరాంగ్ సరస్సు దగ్గర రాత్రిళ్ళు గుంపులుగా దిగుతాయి. ఆ రోజుల్లో సాయంత్రం అటు సొంతంగా వెళ్ళనివ్వరు, గైడుతో వెళ్ళే చిన్న గుంపులో టికెట్ తీసుకోవాలి. ఫోన్లు మూసేయమన్నారు, మాట్లాడొద్దన్నారు. మాకు కనిపించకముందే వాటి అరుపు వినపడింది. గొంతులోంచి దొర్లించినట్టు, చాలా దూరం నుంచి. తర్వాత ఒక వరస, దాని వెనక ఇంకో వరస, కాళ్ళు వేలాడేసుకుని నీళ్ళలోకి దిగాయి. మా ఊరివాళ్ళకి పక్షుల చెరువు కొత్త కాదు, ఆటపాకలో గూడకొంగల్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. తిరిగి వస్తుంటే నాన్న అన్నది కూడా పక్షుల గురించి కాదు. "మన కొల్లేటి దగ్గర కూడా ఇలా నోరు మూయించి తీసుకెళ్ళే మనిషుంటే బాగుణ్ణు."

బోయెక్ దగ్గర చేపలవాళ్ళ అంగడిలో తిన్నాం. అక్కడ చేపని పులుసు పెట్టరు, వేయించరు. పొగ పెట్టి బ్రెడ్డులో ఉల్లిపాయతో ఇస్తారు. నాన్న మొదట వాసన చూశారు, తర్వాత ముళ్ళు తీసుకుంటూ మొత్తం తిన్నారు. "చేప బాగుంది. వీళ్ళకి చింతపండు తెలియదు పాపం" అని తీర్పు. నేను ఇంకోటి కొనుక్కున్నాను.

మ్యూరిట్స్ చుట్టూ పూర్తిగా తిరిగే సైకిల్ మార్గం కూడా ఉంది, 80 కిలోమీటర్ల పైమాట. నేను అది సలహా ఇవ్వను. పడమటి వైపు క్లింక్ దగ్గర పెద్ద రోడ్డు చప్పుడు పక్కనే వస్తుంది, తూర్పు ఒడ్డు చూసి వచ్చినవాడికి అది రుచించదు. దక్షిణాన రెష్లిన్ వైపో, అవతలి ఒడ్డున ర్యోబెల్‌లోనో ఓడ ఎక్కితే సైకిల్‌తో సహా వారెన్‌లో దింపుతారు. టైం టేబుల్ ముందే చూసుకోవాలి, ఓడలు గంటకొకటి ఏమీ ఉండవు. మేం ఎక్కినరోజు పడమటి గాలి బాగా ఉంది. పైనుంచి చూస్తే చెరువే, లోపల మాత్రం అలలు ఓడ పక్కన కొట్టి డెక్కు మీదకి తుంపర వచ్చింది. సైకిళ్ళని తాడుతో రెయిలింగుకి కట్టారు. నాన్న తన సైకిల్‌కి కట్టిన ముడి విప్పి మళ్ళీ తనే కట్టారు.

మీరు పిల్లలతో వెళ్ళేటట్టయితే ఫ్యుర్‌స్టెన్‌బర్గ్ నుంచి మొదలుపెట్టొద్దు. నేరుగా రైల్లో వారెన్‌లో దిగండి, సైకిళ్ళు అక్కడే అద్దెకి దొరుకుతాయి. ఫెడెరో, స్పెక్, బోయెక్ మీదుగా సీజన్‌లో సైకిళ్ళని కూడా తీసుకెళ్ళే బస్సు తిరుగుతుంది. పిల్లలకి ఓపిక ఉన్నంత దూరం తొక్కించి మిగతాది బస్సులో వచ్చేయొచ్చు. జులై, ఆగస్టుల్లో శని, ఆదివారాల రైళ్ళు వదిలేయండి. మే నెల చివర కూడా బాగుంటుంది, అప్పుడు గూళ్ళలో డేగ పిల్లలుంటాయి, దోమలూ ఉంటాయి. చలికాలంలో ఆ బస్సు నడవదు, ఓడలు కూడా దాదాపు ఉండవు.